పాడే పక్షి మెదడు గురించి ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల పక్షుల గొంతుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. చైత్రం రాగానే కోయిలను తలుచుకుని అక్కడితో ఆగిపోయే మామూలు రచనలకు భిన్నంగా, పక్షి ఎందుకు పాడుతుంది, ఎవరి కోసం పాడుతుంది అన్న ప్రశ్నలు వేసినందుకు రచయితను అభినందించాలి. అయితే అందులో రెండు మాటలను సవరించకుండా వదిలేయడం మంచిది కాదు. పక్షులకు పాట పుట్టుకతోనే వస్తుందన్నది ఒకటి. పాట ఒకసారి పట్టుబడ్డాక ఎదిగిన పక్షి మెదడుతో పని లేకుండా, రికార్డు తిరిగినట్టు జీవితాంతం దాన్నే వల్లిస్తుందన్నది రెండోది. మొదటి మాట దాదాపు సగం పక్షిజాతుల విషయంలో తప్పు. రెండోది నిజం కాదని గత యాభై ఏళ్లలో జరిగిన ప్రయోగాలు ఒకదాని తర్వాత ఒకటిగా చూపించాయి. నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించి విరమించినవాణ్ణి. ఇలాంటి వ్యాసాలను పిల్లలు కత్తిరించి నోటుపుస్తకాల్లో అతికించుకోవడం చూసినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా రాస్తున్నాను.

వ్యాసకర్త కోయిలను ఉదాహరణగా తీసుకోవడంతోనే చిక్కు మొదలైంది. కోయిల పిల్ల కాకి గూట్లో కళ్లు తెరిచి, కాకులు పెట్టిన మేత తిని, కాకుల అరుపులు వింటూ పెరిగినా చివరకు కోయిలలాగే కూస్తుంది. దాని కూత విని నేర్చుకున్నది కాదు గనుక ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ శాస్త్రవేత్తలు పాటపక్షులని పిలిచే వర్గంలో కోయిలకు చోటే లేదు. పిచ్చుక, గోరువంక, పికిలిపిట్ట, గిజిగాడు, వేసవి తెల్లవారుజామున మన పెరటి కొమ్మల మీద పాడే పెద్ద నలంచి ఆ వర్గానికి చెందినవి. మన కవులు ఒప్పుకోకపోవచ్చుగాని, కాకి కూడా ఆ వర్గానిదే. పాటను నడిపే ప్రత్యేక కేంద్రాలు కాకి మెదడులో ఉన్నాయి, కోయిల మెదడులో లేవు. దాదాపు 5,000 జాతులున్న ఈ వర్గంలో పిల్లపక్షులు పెద్దవాటి పాటను విని, గుర్తుపెట్టుకుని, వచ్చీరాని గొంతుతో ప్రయత్నించి, నెలల తరబడి దిద్దుకుని నేర్చుకుంటాయి. కేంబ్రిడ్జిలో విలియం థోర్ప్ 1950లలో చాఫించ్ అనే పాటపక్షి పిల్లలను పెద్దల పాట వినిపించకుండా పెంచినప్పుడు అవి పెద్దయ్యాక ముక్కలు ముక్కలుగా, జాతి లక్షణాలు సగమే ఉన్న పాటను పాడాయి. పుట్టుకతో వచ్చే అరుపులకు మధ్యమెదడు చాలు. నేర్చుకున్న పాటకు మాత్రం ముందుమెదడు కావాలి. పాట పుట్టుకతో వస్తుందన్న మాటకు ఇంతకంటే సమాధానం అక్కర్లేదు గనుక, అసలు చర్చించవలసిన రెండో మాటకు వస్తాను.

ఎదిగిన పక్షి పాట మెదడులో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు మొదటి స్పష్టమైన జవాబు 1976లో వచ్చింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నాటెబోమ్, ఆయన సహచరులు మగ కెనరీ పక్షుల ముందుమెదడులో ఒకదానితో ఒకటి కలిసి ఉన్న కొన్ని నాడీకణాల గుంపులను గుర్తించారు. అందులో పైనున్నదాన్ని ఇప్పుడు హెచ్‌వీసీ అంటారు. దాని నుంచి నరాల తంతువులు ఆర్‌ఏ అనే మరో గుంపుకు దిగుతాయి. ఆర్‌ఏ నుంచి సందేశాలు మెదడు కాండానికి చేరి, అక్కడ రెండుగా చీలి, కొన్ని గొంతు కండరాలను నడిపే నాడికీ, కొన్ని ఊపిరిని నడిపే కేంద్రాలకూ వెళతాయి. హెచ్‌వీసీని రెండువైపులా దెబ్బతీసిన కెనరీ పాడే భంగిమలో నిలబడింది, గొంతు ఉబ్బించింది, కానీ పాట రాలేదు. పాడాలన్న కోరిక, పాడే భంగిమ రెండూ మిగిలి, పాట మాత్రమే పోవడాన్ని బట్టి పాట చిరునామా ఏమిటో తేలిపోయింది. పైగా ఈ నష్టం ఎడమవైపు దెబ్బతీసినప్పుడు ఎక్కువగా, కుడివైపు దెబ్బతీసినప్పుడు తక్కువగా కనిపించింది. మనుషుల్లో భాషకు ఎడమ అర్ధగోళం ముఖ్యమని తెలిసిన వైద్యులు కెనరీ గురించి అంత శ్రద్ధగా చదవడానికి అదొక కారణం.

ఇక్కడ ఊపిరి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పాటంటే గొంతు వ్యవహారమేనని చాలామంది అనుకుంటారు. పక్షి గొంతు మనలా పైన ఉండదు. శ్వాసనాళం రెండు ఊపిరితిత్తుల వైపు చీలే చోట శబ్దిని అనే, ధ్వని పుట్టించే అవయవం ఉంటుంది, దానికి ఎడమ, కుడి భాగాలు విడివిడిగా పలకగలవు. కెనరీ సెకనుకు దాదాపు ముప్పై స్వరాల వేగంతో పాడేటప్పుడు సైతం ఒక్కో స్వరం మధ్య చిటికెడు ఊపిరి పీల్చుకుంటుందని రాడ్ సదర్స్ బృందం 1989లో కొలిచి చూపించింది. గాలి ఒత్తిడి, శబ్దినికి రెండువైపులా ఉన్న చిన్న చిన్న కండరాల బిగువు, ముక్కు తెరుచుకునే కోణం, వీటన్నిటినీ సెకనులో వందో వంతు లెక్కన కలిపి నడపడానికి ఆజ్ఞలు ఎక్కడి నుంచో క్షణక్షణం వస్తూ ఉండాలి.

ఆ ఆజ్ఞలు ఎలా వస్తాయో 2002లో రిచర్డ్ హాన్‌లోజర్, అలెగ్జాండర్ కొజెవ్నికోవ్, మైకెల్ ఫీ అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో చేసిన ప్రయోగంతో తెలిసింది. ఆస్ట్రేలియాకు చెందిన జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట పాటలో సెకను లోపు సాగే ఒక పల్లవి ఉంటుంది, దాన్నే తిప్పి తిప్పి పాడుతుంది. పాడుతున్న పిట్ట హెచ్‌వీసీలో ఒక్కో కణం విద్యుత్ సంకేతాలను విడిగా విన్నప్పుడు, ఆర్‌ఏకు సందేశం పంపే ప్రతి కణమూ ఆ పల్లవి మొత్తంలో ఒక్కసారే, అదీ సెకనులో వందో వంతు కంటే తక్కువ కాలం, ప్రతిసారీ సరిగ్గా అదే చోట మోగి మళ్లీ మౌనం దాలుస్తుందని తేలింది. ఒకటి మొదటి స్వరం మొదట్లో, మరొకటి దాని తర్వాత, ఇంకొకటి మూడో స్వరం చివర, ఇలా వరుసగా. ఆరేళ్ల తర్వాత మైకెల్ లాంగ్, ఫీ కలిసి హెచ్‌వీసీని కాస్త చల్లబరిచే చిన్న పరికరం అమర్చి చూశారు. పాట మొత్తం ఒకే నిష్పత్తిలో నెమ్మదించి పొడవైంది, గరిష్ఠంగా 45 శాతం వరకు. స్వరాల తీరు మాత్రం పెద్దగా మారలేదు. ఆర్‌ఏను చల్లబరిస్తే కాలప్రమాణంలో తేడా రాలేదు. పాట నడకను పట్టుకున్నది హెచ్‌వీసీ అని ఇంతకంటే తేటగా చెప్పే ప్రయోగం ఉంటుందని నేననుకోను. నేను చదివిన నాడీశాస్త్ర ప్రయోగాలన్నిటిలో నాకు నచ్చినది ఇదే. దెబ్బతీయకుండా, కోయకుండా, కేవలం కాస్త చల్లదనంతో ప్రకృతిని అడిగి జవాబు రాబట్టారు.

ఇంతవరకు చదివి, అయితే అది రికార్డు లాంటిదే కదా అని వ్యాసకర్త అనవచ్చు. అలా అనుకోవడానికి ఒకప్పుడు ఆధారం కూడా ఉండేది. మార్క్ కొనిషి 1965లో తెల్లతల పిచ్చుకల మీద చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో, పాట నేర్వక ముందే వినికిడి పోయిన పిల్లలు పాట కూర్చలేకపోయాయి, పాట స్థిరపడ్డాక వినికిడి పోయినవి మాత్రం దాన్ని నిలుపుకున్నాయి. దాంతో, నేర్చుకునేటప్పుడే చెవి అవసరం, తర్వాత అక్కర్లేదు అన్న అభిప్రాయం పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. నేనూ చాలా ఏళ్లు అదే పాఠం చెప్పాను, అప్పటికి అందుబాటులో ఉన్న విజ్ఞానం అదే.

1992లో నోర్డీన్ దంపతులు ఎదిగిన జీబ్రా ఫించ్‌ల మీద ఎక్కువకాలం పరిశీలన చేసినప్పుడు కథ మారింది. వినికిడి పోయిన మొదటి వారాల్లో పాట బాగానే ఉంది. నాలుగు నెలలు తిరిగేసరికి స్వరాలు అరిగిపోయి, కొన్ని మాయమై, వరుస చెదిరింది. వయసు మళ్లిన పక్షుల్లో ఈ క్షీణత ఇంకా నెమ్మదిగా వస్తుందనీ తర్వాత తేలింది. బెంగాలీ ఫించ్ అనే మరో పెంపుడు పిట్ట ఇంకా సున్నితమైనది, దానికి వినికిడి పోయిన వారం రోజుల్లోనే పాట చెడుతుంది. పేరు చూసి దాన్ని బెంగాల్ పిట్ట అనుకోకూడదు. మన తూర్పు కనుమల్లోనూ తిరిగే తెల్లనడుము మునియాకు అది పెంపుడు రూపం. చైనా నుంచి జపాన్ చేరిన మునియాలను అక్కడివారు రెండున్నర శతాబ్దాలుగా పంజరాల్లో పెంచగా వచ్చిన జాతి అది. ఇంత చిన్న పిట్టకు కూడా తన పాట తనకు వినపడకపోతే అది నిలవదు. పెద్దయ్యాక వినికిడి కోల్పోయిన మనుషుల ఉచ్చారణ ఏళ్ల మీద మెల్లగా సడలిపోవడం మన కుటుంబాల్లో చాలామంది గమనించే ఉంటారు.

పాట చెదరడమంటే పాత ముద్ర దానంతటదే చెరిగిపోవడమేనా? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబే ఈ ఉత్తరానికి ప్రాణం. హెచ్‌వీసీ నుంచి ఆర్‌ఏకు నేరుగా వెళ్లే దారి కాక ఇంకో చుట్టుదారి ఉంది. అది హెచ్‌వీసీలో మొదలై, ఏరియా ఎక్స్ అనే భాగంలోకి, అక్కడి నుంచి మెదడు లోపలి థాలమస్ అనే భాగంలోకి, అక్కడి నుంచి ఎల్‌మాన్ అనే మరో గుంపులోకి వెళ్లి, చివరకు ఆర్‌ఏలోనే కలుస్తుంది. ఏరియా ఎక్స్ మన మెదడులోని బేసల్ గాంగ్లియాతో, అంటే పార్కిన్సన్ జబ్బులో దెబ్బతినే వ్యవస్థతో పోల్చదగినది. సారా బాట్జర్ బృందం 1984లో ఎల్‌మాన్‌ను తొలగిస్తే పిల్లపక్షుల పాట పాడైపోతుందనీ, పెద్దపక్షుల పాటకు ఏమీ కాదనీ చూపించింది. కాబట్టి ఈ చుట్టుదారి పిల్లల బడి లాంటిదనీ, పెద్దయ్యాక మూతపడుతుందనీ అందరూ నమ్మారు. 2000 సంవత్సరంలో మైకెల్ బ్రెయినార్డ్, అలిసన్ డూప్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. ఎల్‌మాన్ తొలగించిన పెద్దపక్షులకు వినికిడి పోయినా పాట చెదరలేదు! చెవిటితనం పాటను నేరుగా చెరపడం లేదన్నమాట. తన గొంతు తనకు సరిగా వినబడని స్థితిలో ఈ చుట్టుదారి తప్పు దొర్లిందనుకుని పాటను మార్చబోతుంది, ఆ మార్పులే చేరి చేరి పాటను చెడగొడతాయి. దిద్దేవాణ్ణి తీసేస్తే దిద్దుబాటూ లేదు, చెడిపోవడమూ లేదు. ఎదిగిన పక్షి పాట కదలకుండా ఉన్నట్టు మనకు కనిపించడానికి కారణం అది గట్టిపడిపోవడం కాదని, మెదడు దాన్ని రోజూ విని సరిచేస్తూ నిలబెడుతోందని అప్పటి నుంచి ఈ రంగంలో స్థిరపడిన అవగాహన.

2007లో ఎవ్రెన్ ట్యూమర్, బ్రెయినార్డ్ దీన్ని మరింత సూటిగా పరీక్షించారు. బెంగాలీ ఫించ్ పాటలో ఒక స్వరాన్ని కంప్యూటరు కనిపెట్టి ఉంటుంది. ఆ స్వరం శ్రుతి ఒక హద్దుకు కిందికి వస్తే వెంటనే ఒక బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది, పైన ఉంటే వినిపించదు. ఎదిగి, పాట స్థిరపడిన పక్షి సైతం గంటల వ్యవధిలో ఆ ఒక్క స్వరం శ్రుతిని పైకి జరిపింది, మిగతా పాటను ముట్టుకోలేదు. శబ్దం ఆపేశాక కొద్ది రోజుల్లో తన పాత శ్రుతికి తానే తిరిగి వచ్చింది. అంటే తన పాట ఎలా ఉండాలో ఒక జ్ఞాపకం లోపల భద్రంగా ఉంది. ఆరన్ ఆండల్‌మన్, ఫీ 2009లో జీబ్రా ఫించ్‌లలో ఇంకో సంగతి బయటపెట్టారు. ఇలా ఒక రోజు నేర్చుకున్న మార్పు మొదట ఎల్‌మాన్ దారిలోనే ఉంటుంది, ఎల్‌మాన్‌ను మందుతో కాసేపు నిద్రపుచ్చితే ఆ రోజు సవరణ మాయమై శ్రుతి వెనక్కి జారుతుంది. ఒక రోజు గడిచేసరికి ఆ సవరణ అసలు దారిలోకి, ఆర్‌ఏ వైపుకు, చేరుకుంటుంది.

తప్పు దొర్లిందని ఆ దారికి ఎవరు చెబుతారు? విక్రమ్ గాడగ్కర్, జెస్సీ గోల్డ్‌బర్గ్, వారి సహచరులు 2016లో ఏరియా ఎక్స్‌కు డోపమైన్ అనే రసాయనాన్ని అందించే కణాలను పాడుతున్న పక్షుల్లో విన్నారు. పక్షి పాడిన స్వరం వికృతంగా వినిపించేలా చేస్తే ఆ కణాల మోత తగ్గింది. వికృతి వస్తుందని ఎదురుచూసిన చోట స్వరం శుభ్రంగా వినిపిస్తే మోత పెరిగింది. మేత దొరికినప్పుడు, దాహం తీరినప్పుడు జంతువుల మెదడులో పనిచేసే అదే రసాయనం, ఎవరూ మేత పెట్టకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా, పక్షి తన పాటను తానే తూచుకోవడానికి పనికొస్తోంది.

మన సంగీత విద్వాంసులకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. ఒంటరిగా కూర్చుని చేసే సాధనలో గాయకుడు స్వరాన్ని అటూ ఇటూ జరిపి చూస్తాడు, కచేరీలో ఆ స్వేచ్ఛ తీసుకోడు. మగ జీబ్రా ఫించ్ కూడా ఒంటరిగా పాడేటప్పుడు శ్రుతిలో కొద్దిపాటి తేడాలతో పాడుతుంది, ఆడపక్షి ఎదురుగా ఉంటే ప్రతిసారీ ఒకే రకంగా, కాస్త వేగంగా పాడుతుంది. ఒంటరి పాటలో ఎల్‌మాన్ కణాలు గట్టిగా, గజిబిజిగా మోగుతాయి. ఆడపక్షి ముందు వాటి మోత నెమ్మదించి క్రమబద్ధమవుతుంది. ఎరిక్ జార్విస్, నీల్ హెస్లర్, డూప్ తదితరులు 1998, 1999లలో ఈ తేడాను రెండు విధాలుగా నిరూపించారు. ఒంటరి పాటలోని ఆ చిన్న తేడాలు పొరపాట్లని మొదట అనుకున్నా, దిద్దుబాటుకు పనికొచ్చే ప్రయత్నాలు అవేనని ఇప్పుడు తెలుసు. రోజూ పాడకపోతే గొంతు కండరాలు కూడా వారం లోపే బలం కోల్పోతాయని 2023లో ఇరిస్ ఆడమ్, కూన్ ఎలెమాన్స్ బృందం డెన్మార్క్ నుంచి ప్రకటించింది.

జీబ్రా ఫించ్ ఏడాదంతా ఒకే పాట పాడుతుంది. కెనరీ సంగతి వేరు. అది ఏటా కొన్ని స్వరాలు వదిలి కొత్తవి చేర్చుకుంటుంది. నాటెబోమ్ 1981లో మగ కెనరీల మెదడులను ఋతువుల వారీగా కొలిచినప్పుడు, వసంతంలో హెచ్‌వీసీ శరదృతువులో కంటే 99 శాతం, ఆర్‌ఏ 76 శాతం పెద్దవిగా ఉన్నాయి. రెండేళ్ల తర్వాత స్టీవెన్ గోల్డ్‌మన్‌తో కలిసి ఆయన ఎదిగిన కెనరీ హెచ్‌వీసీలో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని ప్రకటించారు. అప్పటికి మెదడు శాస్త్రంలో, ఎదిగిన మెదడుకు కొత్త కణాలు చేరవన్న నమ్మకం ఎంత గట్టిదంటే, 1960లలో ఎలుకల్లో జోసెఫ్ ఆల్ట్‌మన్ చూపించిన ఆధారాలను కూడా చాలామంది పక్కన పెట్టారు. ఎదిగిన మనిషి మెదడులో అలాంటి కణాలు ఎంతమేరకు పుడతాయన్న వివాదం ఇంకా తెగలేదుగాని, ఆ వివాదాన్ని మళ్లీ బల్లమీదికి తెచ్చింది పిట్టల పాటే. పాట మారని జీబ్రా ఫించ్‌లో కూడా కొత్త కణాలు హెచ్‌వీసీలో చేరుతూనే ఉంటాయి. కణాలు మారుతున్నా పాట మారకపోవడం నా దృష్టిలో ఇంకా విప్పవలసిన పెద్ద ముడి.

మగపక్షులే పాడతాయన్న మాట కూడా ఆ వ్యాసంలో ఉంది. జీబ్రా ఫించ్ వరకు అది నిజం, ఆ జాతిలో ఆడపక్షి మెదడులో పాట కేంద్రాలు చాలా చిన్నవి. కానీ 2014లో ప్రచురితమైన ఒక పరిశీలనలో సమాచారం దొరికిన పాటపక్షి జాతుల్లో 71 శాతంలో ఆడపక్షులూ పాడతాయని తేలింది. ప్రయోగశాలలు ఐరోపా, అమెరికాల్లో ఉండటం, అక్కడి చలిప్రాంతపు పక్షుల్లో మగవే ఎక్కువగా పాడటం వల్ల ఈ పొరపాటు ఇన్నాళ్లు సాగింది. ఉష్ణమండలంలో ఉన్న మనం దాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఈ విజ్ఞానంలో చాలా భాగం పక్షులను చెవిటివి చేసి, మెదడులో భాగాలు తీసేసి సంపాదించినదని పాఠకులకు చెప్పకుండా దాచడం సరికాదు. నాకూ ఆ వాక్యాలు రాస్తుంటే ఇబ్బందిగానే ఉంది. ఇప్పటి ప్రయోగాలు చల్లదనం, శబ్దం, తాత్కాలిక మందుల వైపు మళ్లుతున్నాయన్నది కొంత ఊరట. అలాగే, పక్షి పాట రహస్యం తెలిసింది గనుక రేపే నత్తికో పక్షవాతంలో పోయిన మాటకో మందు వస్తుందని రాసే ధోరణిని కూడా నేను సమర్థించను. పక్షి పాటలో మన మాటల్లోలాంటి అర్థం లేదు. మనకూ పక్షికీ ఉన్న పోలిక, విని దిద్దుకునే యంత్రాంగం వరకే.

నా విన్నపం చిన్నది. వచ్చే ఆదివారం అనుబంధంలో, పాటపక్షులు పాటను నేర్చుకుంటాయని, ఎదిగిన తర్వాత కూడా చెవి, మెదడు కలిసి దాన్ని కాపాడుతూ ఉంటాయని ఒక సవరణ వేయండి. వీలైతే మన దేశంలో ఈ విషయం మీద పనిచేస్తున్నవారి గురించి రాయించండి. పుణేలోని ఐసర్ అనే విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థలో రాఘవ్ రాజన్, జీబ్రా ఫించ్ పాట ఎత్తుకోబోయే ముందు చేసే చిన్న చిన్న పరిచయ స్వరాలను, ఆ సమయంలో మెదడు ఎలా సిద్ధమవుతుందన్నదాన్ని పరిశోధిస్తున్నారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో సౌమ్య అయ్యంగార్ జీబ్రా ఫించ్‌లతో పాటు మన ఊరకాకి మెదడు మీద కూడా పనిచేశారు. ఆ వ్యాసానికి కోయిల బొమ్మకు బదులు కాకి బొమ్మ వేయమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు
రాజమహేంద్రవరం